పిన్ని చెప్పిన మా అమ్మ

మా అమ్మ పోయేటప్పటికి నాకు మూడేళ్లు. 1977 సంక్రాంతి వెళ్లిన నెలలోనే జ్వరం పట్టుకుందట, అమలాపురం తీసుకెళ్లి చూపించి తెచ్చారట, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టిందట. అన్నీ అటలే. ఆవిడ మొహం నాకు గుర్తు లేదు, గొంతు గుర్తు లేదు. వసారాలో గోడకున్న ఫొటో చూసి ఈవిడ మా అమ్మ అని నేర్చుకున్నాను తప్ప, కళ్లు మూసుకుంటే నాకై నాకు కనిపించే బొమ్మ ఒక్కటీ లేదు.

కానీ అమ్మ గురించి అడిగితే గంటసేపు చెప్పగలను. కనకాంబరాలు తప్ప వేరే పువ్వు పెట్టుకునేది కాదని, నవ్వొస్తే ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేదని, జోలపాటలు రాక నన్ను ఉయ్యాల్లో వేసి పదమూడో ఎక్కం పాడేదని, చిన్నప్పుడు పుచ్చపాదు దగ్గర కాపలా పడుకుని నక్కలొస్తే నూనె డబ్బా కొట్టేదని, రేవు దాటించే పడవ, పంటి అంటాం, అది ఎక్కితే అవతలి గట్టు వచ్చేదాకా కళ్లు తెరిచేది కాదని. నా పిల్లలకి ఇవన్నీ చెప్పాను. వాళ్లకి చూడని అమ్మమ్మ బాగా తెలుసు.

ఇవన్నీ నాకు చెప్పింది మా పిన్ని. నాన్న రెండో భార్య. మా అమ్మని బతికుండగా ఒక్కసారి కూడా చూడని మనిషి.

మాది అమలాపురానికీ అంబాజీపేటకీ మధ్య ఊరు. పెంకుటిల్లు, ముందు వసారా, వెనక పెరడు, పెరడు దాటితే బోదె, బోదె దాటితే మా కొబ్బరితోట. పిన్నిది గౌతమి పాయలో ముక్తేశ్వరం వైపు ఒక లంక. పెద్దగా ఉన్నవాళ్లు కాదు. నలుగురు ఆడపిల్లల తరవాత కట్నం ఇవ్వలేక రెండో సంబంధానికి ఒప్పుకున్నారు. అప్పటికి ఆవిడకి పంతొమ్మిదేళ్లు, నాన్నకి ముప్ఫై రెండు. 1978లో అన్నవరం కొండమీద పెళ్లి చేశారు. మేళం లేదు, విందు లేదు, ఫొటో తీయించలేదు. రెండో పెళ్లికి ఇంకా ఫొటోలెందుకు అంది మా మామ్మ. ఆ ఒక్క మాట వల్ల పిన్ని పడుచుదనంలో ఎలా ఉండేదో చూపించడానికి మా దగ్గర ఇవాళ ఒక్క ఫొటో లేదు.

ఇంట్లోకి వచ్చిన మొదటి రోజు మామ్మ ఆవిడని దేవుడి దగ్గరికి కాదు, అమ్మ ఫొటో దగ్గరికి తీసుకెళ్లి దణ్ణం పెట్టించిందట. పుస్తెలతాడులో సూత్రాల పక్కన ఒక చిన్న బంగారు బిళ్ల గుచ్చి ఉండేది, గోరంత, దాని మీద ఆడమనిషి బొమ్మ నొక్కి ఉండేది. మామ్మ దాన్ని సవతి బిళ్ల అనేది. పోయిన భార్య మనసు కష్టపడకుండా, వచ్చినామె మీద కన్నెర్ర చేయకుండా వేస్తారట. పిన్ని పొద్దున్నే లేచి మంగళసూత్రం కళ్లకద్దుకునేటప్పుడు ముందు ఆ బిళ్లని అద్దుకుని తరవాతే సూత్రాలు అద్దుకునేది. ఆవిడ పక్కలో పడుకునేదాన్ని కాబట్టి రోజూ చూసేదాన్ని. ఏం పిన్నీ అది అంటే "అక్క" అనేది. నాకు కబుర్లు చెప్పేటప్పుడు "మీ అమ్మ" అనేది, లేకపోతే ఆవిడకి మా అమ్మ జీవితాంతం అక్కే. "మొదటావిడ" అనో "పోయినావిడ" అనో ఒక్కసారి కూడా అనలేదు.

ఆ ఇల్లు మొత్తం మా అమ్మదే. అమ్మకి సారె బాగా పెట్టారు. ఇత్తడి బిందెలు, గుండిగలు, కంచాలు, మరచెంబులు, ఆఖరికి ఉప్పు డబ్బా మూత మీద కూడా అమ్మ పేరు కొట్టించి ఉండేది. పేరు కొట్టడమంటే ఇప్పటి మిషను పని కాదు, ఉలి పెట్టి చుక్క పక్కన చుక్క కొడుతూ అక్షరం తేల్చేవాళ్లు. వేలు పెట్టి తడిమితే గరుగ్గా తగిలేది. పిన్ని పండగలకి అవన్నీ నూతి గట్టు మీద వేసుకుని చింతపండుతో, కొబ్బరిపీచుతో తోమేది. తోమాక ఆ చుక్కల్లో చింతపండు పిప్పి ఇరుక్కునేది కదా, కొబ్బరి ఈనె ఒకటి విరిచి, మొన చేసి, ఒక్కో చుక్కలోంచి పిప్పి తీసేది. అంత పెద్ద గుండిగ ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని, మా అమ్మ పేరులో ఒక్కో అక్షరం శుభ్రం చేసేది. ఆవిడ చదివింది రెండో తరగతి. ఆ అక్షరాల మీద ఈనెపుల్ల పెట్టి కూడబలుక్కోవడం నేను విన్నాను. పిన్ని పేరున్న గిన్నె మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఆవిడ పేరుతో పిలిచేవాళ్లు కూడా లేరు. నాన్న "ఇదిగో" అనేవాడు, మామ్మ "ఒసే" అనేది, ఊళ్లో వాళ్లకి ఫలానా వాళ్ల రెండో ఆవిడ.

పోల్చడం రోజూ ఉండేది. మామ్మ చెడ్డది కాదు, కానీ కోడలు పోయిన దుఃఖం ఆవిడకి తగ్గలేదు, ఆ దుఃఖమంతా ఈ పిల్ల మీద పోసేది. పులుసు చేస్తే "అది చేస్తే కాలవ అవతలికి వాసనొచ్చేది", ముగ్గు వేస్తే "అది గీత కలిపిన చోటు తెలిసేదా", జడ వేస్తే "దాని చేతి జడ రెండ్రోజులు చెదిరేది కాదు". పక్కింటి వాళ్లూ అంతే. పాలు తెచ్చే ఆయన, బట్టలుతికే ఆవిడ, కొబ్బరి దింపుకొచ్చే అతనూ ఒక మాట పడేసి పోయేవాళ్లు, పెద్దమ్మగారుంటే ఇలా కాదండీ అని.

ఇంకో మనిషైతే ఏడ్చేది, లేకపోతే తిరగబడేది. రెండూ న్యాయమే. పిన్ని ఏం చేసేదో నాకు పెద్దయ్యాక గాని అర్థం కాలేదు. "ఎలా చేసేదండీ?" అని అడిగేది. మనస్ఫూర్తిగా అడిగేది. పులుసులో బెల్లం ఎప్పుడు వేసేది, ముగ్గు ఎటునుంచి మొదలెట్టేది, ఇంకా ఏమేం చేసేది, ఏమనేది, ఎలా నవ్వేది. దెప్పినవాళ్లే ఆ అడగడానికి మెత్తబడి ఇంకో రెండు మాటలు చెప్పేవాళ్లు. ఆ మాటలన్నీ పోగేసుకుని రాత్రి పక్క మీద నాకు చెప్పేది. "అమ్మడూ, ఇవాళ మీ అమ్మ గురించి ఓటి తెలిసింది తెలుసా" అని మొదలెట్టేది. నేను అన్నం తిననప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, బళ్లో ఎవరో ఏదో అన్నారని ఏడ్చినప్పుడు, రోజూ ఒకటి. రోజంతా తనని తక్కువ చేయడానికి వాడిన మాటల్ని రాత్రికి నాకు అమ్మని చేసి పెట్టేది.

నేను మాత్రం ఆవిడని తిన్నగా చూడలేదు. ఇది రాయక తప్పదు.

మా వైపు సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకుంటాం. పోయినవాళ్ల పేరున కొత్త బట్టలు, ఆకులో వాళ్లకి ఇష్టమైనవన్నీ వడ్డించి, సాంబ్రాణి వేసి, తలుపు దగ్గరగా వేసి కాసేపు బయట కూచుంటాం. తరవాత ఆ బట్టలు ఇంట్లోవాళ్లే కట్టుకోవాలి. పిన్నికి ఏడాదికొకసారి పండక్కి వచ్చే మంచి చీర ఏదంటే అమ్మకి పెట్టిన చీరే. వేరే కొనేవాళ్లు కాదు, రెండెందుకని. రంగు అమ్మకి ఇష్టమైన రంగు, ఆకుపచ్చ. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఎవరు ఎక్కించారో, నాకే పుట్టిందో, ఆ చీర మీద పడి ఏడ్చాను. ఇది మా అమ్మది, నువ్వు కట్టుకోడానికి వీల్లేదు అన్నాను. చుట్టాలందరూ వసారాలో ఉన్నారు. నాన్న నన్ను కొట్టబోతే పిన్ని అడ్డం వచ్చి, చీర మడత విప్పకుండా తీసుకెళ్లి పెట్టెలో పెట్టేసింది. ఆ పండగంతా ఉతికిన పాత నేతచీరలోనే తిరిగింది, అరిసెలు ఒత్తింది, అందరికీ వడ్డించింది. రెండేళ్లకి ఆ చీర నాకు పరికిణీ కుట్టించింది, జరీ అంచు కిందకి వచ్చేలాగా. నేను ఆ పరికిణీ వేసుకుని ఊరంతా తిరిగాను, మా అమ్మ చీర అని చెప్పుకుని.

ఆ ఆకులో ప్రతి ఏడాదీ తప్పకుండా కంద బచ్చలి కూర ఉండేది. గారెలు, బూరెలు, పులిహోర అందరూ చేస్తారు. మా ఇంట్లో మాత్రం కంద బచ్చలి. "మీ అమ్మకి ప్రాణం" అనేది పిన్ని. ఆవపెట్టి, ఘాటుగా. ఆ రోజు ఆవిడ కూడా ఇంకో ముద్ద ఎక్కువ తినేది.

1986 ఆగస్టు వరద మా తరం వాళ్లెవరూ మర్చిపోలేరు. ధవళేశ్వరం దగ్గర గోదారి 24 అడుగులు దాటింది, మూడో ప్రమాద హెచ్చరికే పదిహేడుముప్పావు అడుగులకి ఇస్తారంటే లెక్క వేసుకోండి. 35 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వదిలారని రేడియోలో చెప్పారు. మాకు గట్టు నిలబడింది గానీ లంకలు మునిగిపోయాయి. పిన్ని వాళ్ల వాళ్ల కబురు లేదు. రెండు రాత్రులు ఆవిడ పడుకోలేదు. కరెంటు లేదు, వసారాలో లాంతరు పెట్టుకుని కూచుంది, నేను ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను, తమ్ముడు, పిన్ని కొడుకు, అప్పటికి చిన్నవాడు. ఆ రాత్రే నాకు పుచ్చపాదు కథ చెప్పింది. మీ అమ్మ చిన్నప్పుడు ఇసకలో పుచ్చపాదు పెట్టేవాళ్లంట, కాయ తయారయ్యాక రాత్రిళ్లు నక్కలొచ్చి గిల్లి పోయేవంట, మీ అమ్మా వాళ్ల అన్నా పాదు మధ్యలో తాటాకు పందిరేసుకుని పడుకునేవాళ్లంట, అన్న నిద్రపోతే మీ అమ్మ ఒక్కత్తే లేచి నూనె డబ్బా కొట్టేదంట, డబ్బా చప్పుడుకి అవతల ఒడ్డున కుక్కలు మొరిగేవంట, వెన్నెల్లో ఇసకంతా ఉప్పు పోసినట్టు ఉండేదంట. అంత పొడుగు కథ ఎప్పుడూ చెప్పలేదు.

నాకు పన్నెండేళ్లు. మా అమ్మమ్మగారిది ద్రాక్షారామం దగ్గర, కోటిపల్లి రేవు దాటి వెళ్లాలి, చుట్టూ వరిచేలే, ఇసక కావాలంటే బండి కట్టుకుని గోదారికి పోవాలి. అక్కడ పుచ్చపాదు ఎక్కడిది అని తట్టే వయసే. తట్టలేదు.

మూడో రోజు పిన్ని వాళ్ల అమ్మా నాన్నా, అన్నగారూ మా ఇంటికి చేరారు, కట్టుబట్టలతో. పది రోజులు ఉన్నారు. వాళ్లమ్మ మా ఇంట్లో ఒక్క పూట కూడా కంచంలో తినలేదు. పెరట్లో అరిటాకు కోసుకొచ్చుకునేది. మామ్మే ఎందుకమ్మా అంటే, "ఆ బిడ్డ పేరున్న కంచాల్లో మేమెలా తింటామండీ" అంది. పిన్ని ఆ మాట విని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను చూశాను, ఏమీ అనిపించలేదు అప్పుడు.

1996 నవంబరు 6 తుఫానుకి నేను పెళ్లై హైదరాబాదులో ఉన్నాను. వచ్చి చూస్తే తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాన్న నోట మాట లేదు. నూతి పక్కన అమ్మ పాతిన కొబ్బరి చెట్టు కూడా పోయింది, పిన్ని దాని మొద్దు దగ్గర కూచుని ఏడ్చింది. రెండెకరాల తోట పోయినందుకు కాదు, ఆ ఒక్క చెట్టుకి.

నాన్న 2009లో పోయారు. పదో రోజున సూత్రం తీసేటప్పుడు ఆడవాళ్లందరూ చుట్టూ ఉన్నారు. తాడు చేతిలోకి తీసుకున్న ముసలావిడని పిన్ని ఆపింది. గొంతు లేవలేదు గానీ గట్టిగానే అంది, "సూత్రాలు తీసుకోండి. ఈ బిళ్ల ఆయనది కాదు. అక్కది. ఇది నా దగ్గరే ఉంటుంది." ఎవరూ మాట్లాడలేదు. ఆ తరవాత దాన్ని నల్లదారానికి కట్టుకుని మెడలో వేసుకుంది, జాకెట్టు లోపలికి. ఆఖరి రోజుల్లో నా చేతిలో పెట్టింది. ఇప్పుడు నా దగ్గరుంది, అరిగిపోయి బొమ్మ ఆనవాలు లేదు.

పిన్ని పోయి మూడేళ్లయింది. దండ వేయడానికి ఫొటో కావాలంటే ఇల్లంతా వెతికాం. ఆఖరికి ఆధార్ కార్డులో బొమ్మనే పెద్దది చేయించాడు తమ్ముడు. కళ్లు భయంగా, ఎటో చూస్తున్నట్టు ఉంటాయి. మా పిన్ని అలా ఉండేది కాదు.

దినం నాడు భోజనాలయ్యాక మగవాళ్లు వసారాలో కూచున్నారు. పిన్ని వాళ్ల అన్నగారు, మేం మావయ్య అనే పిలుస్తాం, ఎనభై దగ్గర పడ్డ మనిషి, మాటల్లో మాటగా చెప్పడం మొదలెట్టాడు. "మా చెల్లికి అసలు భయం లేదండీ. పుచ్చపాదు కాపలాకి ఇద్దరం పడుకునేవాళ్లం, నేను మొద్దునిద్ర, నక్కలొస్తే అదే లేచి డబ్బా కొట్టేది. ఆ చప్పుడుకి అవతలి ఒడ్డు కుక్కలు లేచేవి."

నేను గ్లాసులు తీస్తున్నాను. చేతిలో ఉన్నవి అక్కడే కింద పెట్టేసి గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. మావయ్యా, ఆ పాదు ఎక్కడుండేది అని అడిగాను. "ఎక్కడుందమ్మా, ఎనభై ఆరు వరదకి కోసుకుపోయింది. ఆ చోటు ఇప్పుడు గోదారి" అన్నాడు.

ఆ నెలలోనే ద్రాక్షారామం వెళ్లాను, మా దొడ్డమ్మ దగ్గరికి. అమ్మకి సొంత అక్క, ఇంకా జ్ఞాపకం బాగుంది. ఒక్కోటీ అడిగాను. కనకాంబరాలు నిజమే. చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నిజమే, పన్ను మీద పన్ను ఉండేది, సిగ్గు. ఎక్కాలు పాడటం నిజమే, మీ ఇంటికొచ్చి చూసి నవ్వుకున్నాం అంది. పంటి సంగతి అడిగితే దొడ్డమ్మ నోరు తెరిచి చూసింది. "దానికా భయం? పంటి చివర నిలబడి కాళ్లు నీళ్లలో పెట్టేది. ముక్తేశ్వరం వచ్చేలోపు మా నాన్న పదిసార్లు కేకేసేవాడు." అంటే అదెవరి భయమో మరి. పిన్ని లంకలో పుట్టింది, పడవ ఎక్కకుండా ఎక్కడికీ వెళ్లడానికి లేని పిల్ల. మావయ్యేమో దానికి భయం లేదన్నాడు. నక్కలకి భయం లేకపోవచ్చు, నీళ్లకి ఉండొచ్చు. అన్నవరంలో పెళ్లికని ఇల్లు విడిచి మొదటిసారి రేవు దాటిన రోజు కళ్లు మూసుకుందేమో. నాకు తెలియదు, చెప్పేవాళ్లు లేరు.

ఎందుకలా చెప్పిందని చాలా రాత్రులు ఆలోచించాను. రోజుకొక కథ కావాలని నేను పీకితే, పోగేసినవి అయిపోయి తనవి వేసిందా. లేక తన చిన్నతనం ఎవరికైనా చెప్పుకోవాలనిపించి, ఆ ఇంట్లో అమ్మ కథైతేనే వింటారని అమ్మ పేరు పెట్టిందా. నేను "నీ చిన్నప్పుడు ఏం చేసేదానివి పిన్నీ" అని ఒక్కసారైనా అడిగానా అని గుర్తు చేసుకుంటే, అడగలేదు. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా.

లేస్తూ లేస్తూ కంద బచ్చలి సంగతి అడిగాను దొడ్డమ్మని. "కందా? దానికి నోరు దురదని ముట్టేదే కాదు. బలవంతంగా పెడితే మా అమ్మని తిట్టేది" అంది.

పోయిన సంక్రాంతికి మా ఊరు వెళ్లాను. పెద్దల దగ్గర రెండు చీరలు పెట్టాం. అమ్మది ఎప్పటిలాగే ఆకుపచ్చ. పిన్నికి ఏ రంగు ఇష్టమో ఎవరికీ తెలియదు, తమ్ముడికి కూడా. ఉప్పాడ చీర పసుపు రంగుది, ఎర్రంచుది కొన్నాను. అమ్మ పసుపు కుంకుమలతో పోయింది కాబట్టి గాజులూ కుంకుమా పూలూ పెట్టచ్చు, పిన్ని నాన్న తరవాత పోయింది కాబట్టి ఆవిడ చీర మీద అవేమీ పెట్టకూడదు అన్నారు పెద్దవాళ్లు. నేను ఎవరితోనూ వాదించలేదు. వాళ్లు అటు తిరిగాక డజను ఎర్రగాజులు తీసి పసుపు చీర మీద పెట్టాను, కనకాంబరాల దండ తుంపి చెరి సగం చేశాను. తమ్ముడి భార్య చూసి, ఏమీ అనకుండా కుంకుమ భరిణె అందించింది.

తరవాత ఆకులు వేశాం. గారెలు, బూరెలు, పులిహోర, గుమ్మడికాయ కూర. అమ్మ ఆకులో పచ్చిపులుసు పోశాను, దొడ్డమ్మ చెప్పినట్టు వంకాయ కాల్చి. పిన్ని ఆకులో కంద బచ్చలి, ఆవపెట్టి, కొంచెం ఎక్కువే వడ్డించాను.